68 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గీత

పోయిన నెల జపాన్‌లో ఉన్న ఒక మిత్రుడు నాకు నాలుగు సెకన్ల సౌండ్ ఫైల్ పంపాడు. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే ఏ క్షణంలో శబ్దం ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో చూపే బొమ్మలో, తెరిచి చూస్తే 68 కిలోహెర్ట్జ్ దగ్గర పొడవాటి అడ్డగీతలు, చివర్లు కాస్త కిందికి వంగి ఉన్నాయి. ఆ ఆకారం చూస్తే చాలు, లాడం గబ్బిలం అని తెలిసిపోతుంది. దాని ముక్కు మీద గుర్రపు లాడంలా ఒక తోలు మడత ఉంటుంది, కూత ముక్కులోంచే వస్తుంది.

ఏ జాతి అన్నదే ప్రశ్న. నేను ఏళ్లుగా వాడుతున్న పట్టిక బ్రిటన్‌ది. అందులో పెద్ద లాడం గబ్బిలం 83 దగ్గర, చిన్నది 110 దగ్గర కూస్తాయి. "పెద్దది మాత్రం కాదు" అని నమ్మకంగా జవాబు రాశాను. కానీ ఆయన ఆ గబ్బిలాన్ని చేత్తో పట్టుకుని, ముంజేయి కొలిచి వదిలిపెట్టిన మనిషి. అది అచ్చంగా పెద్ద లాడం గబ్బిలమేనట. ఆ రాత్రి చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంత ఆశ్చర్యం అంటే, ఈ గబ్బిలాలకు ఆ అంకె ప్రాణంతో సమానం. వీటి లోపలి చెవిలో చాలా భాగం ఒక్క సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీని వినడానికే కేటాయించి ఉంటుంది. గబ్బిలం తన కూత ఎదుటివాటికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితోనే దారినీ తిండినీ కనుక్కుంటుంది. ఎగిరేటప్పుడు వేగం వల్ల ఆ ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది కదా, అందుకని గబ్బిలం తన కూతనే ఆ మేరకు తగ్గించుకుంటుంది. తిరిగొచ్చేది సరిగ్గా చెవికి పదునున్న చోటే పడాలి. పురుగు రెక్కలు కొట్టుకునే చిన్న అదురు అక్కడే తెలుస్తుంది. అంటే కూత మారాలంటే చెవి కూడా మారాలి. అలాంటప్పుడు 15 కిలోహెర్ట్జ్ తేడా ఎలా వచ్చింది?

ఒళ్లు పెద్దదైతే కూత బొంగురు అన్నది మొదట అందరికీ తోచే జవాబు. వేర్వేరు జాతుల మధ్య అది చాలావరకు నిజమే, ఒకే జాతి లోపల మాత్రం ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. తిండి కారణమా? 83 దగ్గర అల పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు, 68 దగ్గర 5. పురుగును పసిగట్టడంలో ఆ ఒక్క మిల్లీమీటరు పెద్ద మార్పు తెస్తుందని నాకు అనిపించదు. గాలిలో తేమ సంగతి వేరు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గాలి శబ్దాన్ని ఎక్కువగా మింగేస్తుంది, వేడిగా తేమగా ఉన్నచోట సాధారణంగా ఇంకా ఎక్కువ. అక్కడ కాస్త కింది కూతే దూరం పోతుంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం తల్లి పాత్ర. బ్రిటన్‌లో పెద్ద లాడం గబ్బిలాల మీద 1993లో వచ్చిన పరిశోధనలో, పిల్ల కూత తల్లి కూతను అనుసరిస్తుందనీ వయసుతో మారుతుందనీ తేలింది. ఒకినావా అనే ఒక్క దీవిలోనే, వేరే జాతి లాడం గబ్బిలం గుంపుల మధ్య కొన్ని కిలోహెర్ట్జ్‌ల తేడా ఉంది. అక్కడా తల్లి నుంచి పిల్ల నేర్చుకోవడం ఒక కారణమని పరిశోధకులు భావించారు. ఆడవి పుట్టిన చోటే ఉండిపోతే, తల్లి గొంతే తరతరాలకూ ఆ చోటి యాస అవుతుంది. మగవి ఎగిరి వెళ్లి జన్యువులను కలుపుతున్నా సరే, ఆ యాస నిలిచిపోవచ్చు.

యాస అనుకున్నది కొన్నిసార్లు వేరే భాషే కావచ్చు. యూరప్‌లో పిపిస్ట్రెల్ అనే అతి మామూలు గబ్బిలం కొన్ని 45 దగ్గర, కొన్ని 55 దగ్గర కూస్తున్నాయని 1993లో గుర్తించారు. తర్వాత డీఎన్ఏ చూస్తే అవి రెండు జాతులు! పక్కపక్కనే ఎగురుతున్నా అన్నేళ్లూ ఒకటే అనుకున్నారు. జపాన్ లాడం గబ్బిలాలను కూడా యూరప్ వాటి నుంచి విడదీసి వేరే జాతిగా లెక్కించేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. అలాగైతే నా జవాబు సగం నిజం అయ్యేదేమో. కానీ నేను చెప్పిన కారణం పూర్తిగా తప్పు. ఎక్కడో కొలిచిన అంకెను ఇంకోచోటి గబ్బిలానికి తగిలించాను.

మిత్రుడికి మళ్లీ రాశాను. ఈసారి పేరు చెప్పలేదు, అడిగాను: చేతిలో ఉన్నప్పుడు కూసిందా, ఎగురుతూ కూసిందా, ఆడదా మగదా, ఎంత వయసుంటుంది, గాలిలో తేమ ఎంత, ఆ గూటిలో మిగతావి ఎక్కడ కూస్తున్నాయి. నిన్న ఇంకో పదకొండు ఫైళ్లు వచ్చాయి.