గేటు లైటు రాత్రంతా ఎందుకు ఆరి వెలిగింది: నా అనుభవం

ఊళ్లో మా ఇంటి గేటు లైటు స్విచ్ వరండా చివర ఉంటుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అయినా రోజూ సాయంత్రం అక్కడిదాకా వెళ్లి లైటు వెయ్యాలి, పొద్దున్నే వెళ్లి ఆపాలి. అందుకే సంక్రాంతి సెలవుల్లో, చీకటి పడగానే తనంతట తానే లైటు వేసే సెన్సార్ ఒకటి కొనుక్కెళ్లాను. దానికి మూడు వైర్లు: నలుపు ఫేజ్‌కి, తెలుపు న్యూట్రల్‌కి, ఎరుపు బల్బుకి. మెయిన్ ఆపేసి, బల్బుకి అడుగు దూరంలో అదే గోడకి బిగించాను.

ఆరు దాటాక లైటు వెలిగింది. కాసేపటికి ఆరింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. రాత్రంతా ఇదే వరస. "దీనికేదో గాలి సోకిందిరా" అంది అమ్మ. ఎలక్ట్రీషియన్ వచ్చి బల్బు మార్చమన్నాడు. మార్చినా అంతే.

హైదరాబాద్ తిరిగొచ్చాక కోఠి గుజరాతీ గల్లీలో రెండు ఎల్డీఆర్‌లు (లైట్ డిపెండెంట్ రెసిస్టర్లు) కొన్నాను. ఈ తరహా సెన్సార్లలో చాలావాటికి కన్ను ఇదే. కందిగింజంత బిళ్ల, దాని మీద మెలికలు తిరిగిన సన్నటి గీత. ఆ గీత కాడ్మియం సల్ఫైడ్. వెలుతురు పడితే అందులో ఎలక్ట్రాన్లు విడివడతాయి, కరెంటుకి దారి సులువవుతుంది. మల్టీమీటర్ పెట్టి చూశాను. ట్యూబ్‌లైటు కింద 2 కిలో ఓమ్‌ల దగ్గర ఉన్న రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, నల్లగుడ్డ కప్పగానే లక్షల ఓమ్‌లకి పోయింది. గుడ్డ తీస్తే టకటకా దిగింది. ఎన్నిసార్లు కప్పి తీశానో!

1873లో విలోబీ స్మిత్ అనే ఇంగ్లిష్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ కూడా ఇలాంటి చిక్కులోనే పడ్డాడు. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుల్‌ని పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతుంటే కొలతలు నిలకడగా ఉండేవి కావు. కారణం వాటి మీద పడే వెలుతురేనని తేలింది.

మీటర్ పక్కన పెట్టేసరికి మా గేటు సంగతి అర్థమైంది. చీకటి పడితే సెన్సార్ బల్బు వేస్తోంది. ఆ బల్బు వెలుగు సెన్సార్ మీదే పడుతోంది. తెల్లారిందనుకుని ఆపేస్తోంది. ఆపగానే మళ్లీ చీకటి. బల్బుదీ తప్పు కాదు, సెన్సార్‌దీ తప్పు కాదు. నేను బిగించిన చోటే తప్పు.

తర్వాతి శనివారం ఊరెళ్లి, దాన్ని పిట్టగోడ అవతలి వైపుకి, ఆకాశం కనపడేలా మార్చాను. బల్బు వైపు అడ్డంగా పీవీసీ పైపు ముక్క కోసి పెట్టాను. ఆ రాత్రి పదింటి దాకా వరండాలో కూర్చుని చూశాను. ఒక్కసారి కూడా ఆరలేదు.

వీధి దీపాలు సాయంత్రం వాటంతటవే వెలిగే చోట్ల కొన్నిటిలో ఇలాంటి సెన్సారే పనిచేస్తుంది. ఫోన్ ఎండలో స్క్రీన్ వెలుగు పెంచుకునేదీ, టీవీ రిమోట్ నొక్కితే అందుకునేదీ లైట్ సెన్సార్లే. కాకపోతే అక్కడ ఎల్డీఆర్ చాలదు, అది నిదానం. రిమోట్ సంకేతం సెకనుకి వేలసార్లు మినుకుతుంది, దానికి వెలుతురు మార్పుని చాలా వేగంగా పట్టే ఫోటోడయోడ్ కావాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో కూడా ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ వేలు దాటి ఎంత వచ్చాయో ఫోటోడయోడే చూస్తుంది.

మొన్న జూలైలో అమ్మ ఫోన్ చేసింది. "నాలుగింటికే గేటు లైటు వెలిగిందిరా, మళ్లీ పాడైందా?" అని. మబ్బు పట్టిందా అని అడిగాను. "ఆఁ, కారుమబ్బు. ఉండు, బట్టలు తీసుకొస్తా" అని ఫోన్ పెట్టేసింది.