ఒక పొయ్యి, రెండు పొయ్యిలు, పెట్రి నెట్

కాంకరెన్సీ అంటే మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో సెమఫోర్ (ఒకరి వంతు అయ్యేదాకా ఇంకొకరిని ఆపే తాళం లాంటిది), డెడ్‌లాక్ (ఒకరికోసం ఒకరు ఆగి అందరూ ఇరుక్కుపోవడం) చెప్పి వదిలేస్తారు, అసలు రెండు పనులు ఒకేసారి జరగడాన్ని లెక్కల్లో ఎట్లా రాయాలి అనేది ఎవరూ ఎత్తరు. నాకేమో కంప్యూటర్ సైన్స్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న అదే.

మా అనంతపురంలో పొద్దున్నే పెట్టే ఉగ్గాని బజ్జీ బండినే తీసుకోండి. పొయ్యి ఒక్కటే ఉంటే ముందు ఉగ్గాని చేసి తర్వాత బజ్జీలు వేస్తారు, లేదంటే ముందు బజ్జీలు తర్వాత ఉగ్గాని. పొయ్యిలు రెండుంటే దేని దారి దానిది, ఒకదానికోసం ఇంకోటి ఆగే పనే లేదు. రాబిన్ మిల్నర్ 1980లో ఇచ్చిన సీసీఎస్‌లో, అంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రాసెస్‌లని (నడుస్తున్న పనుల్ని) బీజగణితంలా రాసే పద్ధతిలో, ఈ రెండు బండ్లూ ఒకటే అయిపోతాయి, ఎందుకంటే అక్కడ సమాంతరం అంటే "ఇది తర్వాత అది, లేదా అది తర్వాత ఇది" అంతే, బైసిమ్యులేషన్ (ఒకటి వేసిన ప్రతి అడుగునీ రెండోది కూడా వేయగలదా అని పోల్చే పద్ధతి) పెట్టి చూసినా తేడా దొరకదు. సీసీఎస్ గొప్పదే, ప్రాసెస్ ఏ క్షణంలో ఏ దారి ఎంచుకుందో అది బాగా పట్టుకుంటుంది, కానీ స్వతంత్రం అనేది అందులో జారిపోతుంది.

కార్ల్ ఆడమ్ పెట్రి 1962 నాటి తన థీసిస్‌లోనే దీన్ని పట్టుకున్నాడు. సిగ్నల్ వేగానికి హద్దుంది కాబట్టి అందరికీ ఒకే గడియారం ఉండదు, ఏది దేనికి కారణమో అదొక్కటే రాయాలి అన్నది ఆయన పట్టు. ఆయన పేరు మీద వచ్చిన పెట్రి నెట్ అనే బొమ్మలో ప్లేస్‌లంటే టోకెన్లు (చుక్కలు) ఉండే చోట్లు, ట్రాన్సిషన్లంటే ఆ టోకెన్లని తీసుకుని జరిగే (ఫైర్ అయ్యే) పనులు. మన బండిలో పొయ్యి ఒక ప్లేస్, అందులో ఒక్క టోకెన్ ఉంటే రెండు ట్రాన్సిషన్లూ దానికోసం పోటీ పడతాయి, రెండు టోకెన్లుంటే రెండూ ఒకేసారి ఫైర్ అవుతాయి, తేడా బొమ్మలోనే కనిపిస్తుంది!

ఇంత సింపుల్ బొమ్మకి ఈ టోకెన్ల అమరిక నుంచి ఆ అమరికకి చేరగలమా అని అడిగితే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. టోకెన్లకి హద్దు లేదు కదా, స్టేట్లు అనంతం. దీనికి అల్గారిథమ్ ఉందని ఎర్న్‌స్ట్ మేయర్ 1981లో నిరూపిస్తే, 1982లో ఇంకా సులువైన ప్రూఫ్ ఇచ్చింది మన గుంటూరు జిల్లాలో పుట్టిన కొసరాజు సాంబశివరావు గారు, గ్రాఫుల్లో స్ట్రాంగ్లీ కనెక్టెడ్ కాంపొనెంట్స్ (ఎక్కడి నుంచి ఎక్కడికైనా చేరగల గుంపులు) కనుక్కోడానికి మనం చదివే అల్గారిథమ్ ఆయనదే. ఎంత టైం పడుతుందో తేలడానికి 2021 దాకా ఆగాల్సొచ్చింది, జవాబు అకెర్మన్ ఫంక్షన్ అంత, అంటే ఊహకందనంత వేగంగా పెరిగేది!

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు డైనింగ్ ఫిలాసఫర్స్‌ని (గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, పక్కవాళ్ళతో ఫోర్కులు పంచుకుంటూ రెండు ఫోర్కులు దొరికితేనే తినే తత్వవేత్తల పజిల్) నెట్‌గా గీయండి, ప్రతి ఫోర్కూ ఒక్కో టోకెన్ ఉన్న ప్లేస్, ఒక్కొక్కరూ ముందు ఎడమ ఫోర్కు, తర్వాత కుడి ఫోర్కు తీసుకుంటారు. ఏ ట్రాన్సిషనూ కదలలేని అమరిక ఒకటి దొరుకుతుంది, డెడ్‌లాక్ అదే.