కాలేయంలో దాక్కున్న మలేరియా: నా అనుభవం

పాడేరు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు వానాకాలంలో నాకు మలేరియా వచ్చింది. మలేరియాలో వైవాక్స్ అనే రకం అన్నారు. క్లోరోక్విన్ కోర్సు వేసుకున్నాను, జ్వరం పోయింది. తర్వాత ట్రాన్స్‌ఫర్ మీద గుంటూరు వచ్చేశాను.

సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వణుకు పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడాయి. ఆపైన ఒళ్లు కాలిపోయింది, చివరికి చెమటలకు పక్కంతా తడిసింది. మర్నాడు మామూలే. ఆ మరునాడు దాదాపు అదే వేళకు మళ్లీ వణుకు.

మొదట చూపించుకున్న చోట టైఫాయిడ్ మందులిచ్చారు. ఇంకో డాక్టరుగారు మాత్రం "ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు?" అని అడిగి, పాడేరు అనగానే స్మియర్‌కు, అంటే రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి చూసే పరీక్షకు పంపారు. టెక్నీషియన్ మైక్రోస్కోపులో చూపించాడు. పక్కవాటికంటే ఉబ్బిన ఎర్రకణం, దాని లోపల ఊదారంగులో చిందరవందరగా పరాన్నజీవి. "వైవాక్సే మాస్టారూ" అన్నాడు.

ఇది బహుశా పాతదే అన్నారు డాక్టరుగారు. దోమ కుట్టాక పరాన్నజీవి ముందు కాలేయానికి చేరుతుంది. వైవాక్స్‌లో కొన్ని అక్కడే నిద్రావస్థలో ఉండిపోతాయి. వాటిని హిప్నోజాయిట్లు అంటారు. రక్తంలో ఉండవు కాబట్టి స్మియర్‌లో దొరకవు. క్లోరోక్విన్ వాటిని చంపలేదు, మన రోగనిరోధక శక్తీ వాటిని పసిగట్టలేదు. నెలల తర్వాత నిద్ర లేచి రక్తంలోకి దిగుతాయి. అక్కడా ఎర్రకణాల్లో దూరి యాంటీబాడీలకు అందకుండా పెరుగుతాయి. 48 గంటలకోసారి ఆ కణాలు ఒక్కసారిగా పగలడం వల్లే ఆ వణుకు. మొదటిసారి ఈ కాలేయం సంగతి నాకెవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈసారి క్లోరోక్విన్‌తో పాటు, కాలేయంలో దాక్కున్నవాటిని చంపే ప్రైమాక్విన్ 14 రోజులకు రాశారు. దానికి ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ సరిపడా ఉందో లేదో రక్తపరీక్ష చేయించారు. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ మందుతో ఎర్రకణాలు పగిలి ప్రాణం మీదికి రావచ్చు. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ పడ్డాను, నార్మల్ అని వచ్చింది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, అందుకే అన్నం తిన్నాకే వేసుకునేవాణ్ని. మూత్రం నల్లగా వస్తే వెంటనే మందు ఆపి రమ్మన్నారు, రోజూ చూసుకునేవాణ్ని. జ్వరం ఎప్పుడో తగ్గిపోయినా కోర్సు పూర్తిచేశాను. ఆ తర్వాత వానాకాలం కూడా గడిచింది, జ్వరం రాలేదు.

పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఉండి వచ్చినవాళ్లకు జ్వరం వస్తే, ఎన్ని నెలలైనా సరే, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. వైవాక్స్ అని తేలితే ప్రైమాక్విన్ గురించి, జీ6పీడీ పరీక్ష గురించి మీరే అడగండి.