సద్దుల రాత్రి, కొండి కట్టె

పన్నెండున్నర దాటింది. అత్తమ్మ మలీద డబ్బా తల దగ్గర పెట్టుకొని పడుకుంది. ఈయన మూతి ముడుచుకొనే ఉన్నాడు, ఆ సంగతి తర్వాత. నిద్ర పట్టకపోవడానికి కారణం మాత్రం ఈయన కాదు, చెరువు మెట్ల మీద ఒక పెద్దమ్మ అన్న మాట.

"ఆడపిల్లను సాగనంపినట్టు సాగనంపితిమి బిడ్డా. ఎనుకనే కొండి కట్టెతోటి గుంజుకపోతరా?"

అప్పుడు నవ్వి సర్దిచెప్పాను. నిజానికి నీళ్లలో వదిలిన బతుకమ్మలను కొక్కెం ఉన్న ఆ కొండి కట్టెతో వెంటనే తీయమన్నది కౌన్సిలర్‌నైన నేనే. పూలు మొదట తేలతాయి. లోపల కూరిన ఆకు, కాడలు నీళ్లు పీల్చుకున్నాక బతుకమ్మ బరువెక్కి దిగిపోతుంది. దిగితే కొండికి అందదు, వల వెయ్యాలి. వలకు పూలకంటే బురదే ఎక్కువ వస్తుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే కుళ్లి నీళ్లలో ఆక్సిజన్‌ను తినేస్తుంది, మెట్ల దగ్గర నిలబడలేము. తంగేడు, గునుగు, కట్లపూలు మట్టిలో కలిసేవే. ఎత్తు కోసం కొందరు అడుగున పెట్టే థర్మకోల్ కలవదు, ముక్కలై చెరువంతా పాకుతుంది. అందుకే మున్సిపాలిటీ పారిశుద్ధ్య జవానుకు గట్టిగా చెప్పాను: రాత్రికే తీసెయ్, పొద్దున ట్రాక్టర్లో ఎరువు గుంతకు పోవాలి.

కాబట్టి తప్పు నాది కాదు. ఇది పది గంటల దాకా నా అభిప్రాయం.

అసలు నా ఓపికంతా అంతకుముందే డీజేలు తినేశాయి. కట్ట మొదట్లో ఒకటి, గుడి దగ్గర ఒకటి, ఎదురెదురుగా. బతుకమ్మ ఆటకు గుండ్రంగా తిరిగేవాళ్లలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతా వాళ్లు 'ఉయ్యాలో' అందుకుంటారు. ఎత్తుకునే గొంతు వినబడకపోతే అందుకునేవాళ్లకు చప్పట్ల లెక్క తప్పుతుంది. తప్పితే ఆట కాస్తా నడక అవుతుంది. ఇవాళ సగం గుంపులు నడిచాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దని ఉంది. పండుగలకు ప్రభుత్వం 12 దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఈ మాట చెప్పబోతే డీజే పిల్లగాడు "మేడం, మీ సారే పెట్టమన్నడు" అన్నాడు. ఈయన మూతి ముడుపు కథ ఇదే. కౌన్సిలర్ నేను, 'సార్' ఈయన. మైకులో స్వాగతం కూడా ముందు ఈయన పేరుకే. ఇక చాలు.

లైట్లు మాత్రం ఆరలేదు. ఒక ఏడాది అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి, ఆ తర్వాత నేను పట్టుబట్టి చేయించిన పని అదొక్కటే. ఆ ఏడాది ఫ్లడ్‌లైట్లన్నీ కట్ట మీద, ఆడవాళ్ల వీపుల వెనుక పెట్టారు. చూడ్డానికి చెరువంతా పట్టపగలే. కానీ నెత్తిన బతుకమ్మతో దిగేవాళ్ల నీడ సరిగ్గా వాళ్లు పాదం పెట్టబోయే మెట్టు మీదే పడింది. పైగా ఆ మెట్టు మీద పాచి. దీనికి తోడు లైట్లన్నీ ఒకే లైనుకు, ఒకే ఈఎల్‌సీబీకి, అంటే కరెంటు లీకైతే లైను కట్ చేసే బ్రేకర్‌కు కలిపారు. వైరు జాయింటుకు టేపు చుట్టి నేల మీదే వదిలేశారు. బిందెలతో తెచ్చిన నీళ్లు ఒలికి జాయింటు తడిసింది. 30 మిల్లీయాంపుల లీకేజీకే ఆ బ్రేకర్ పడిపోతుంది, పడాలి కూడా, ప్రాణాలు కాపాడేది అదే. కానీ అది పడగానే మొత్తం చీకటి. జనరేటర్ ఆడుతూనే ఉంది, ఏం లాభం? మెట్ల మీద వందల మంది, పైనుంచి ఇంకా దిగుతున్నవాళ్లు. సెల్ ఫోన్ లైట్లు వెలిగేదాకా ఆ కాసేపు ఎవరూ కదలొద్దని అరిచి అరిచి గొంతు పోయింది. ఎవరూ పడలేదు. అది ఏర్పాట్ల గొప్ప కాదు, పెద్దమ్మలు చంటిపిల్లలను చంకనెత్తుకొని ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు, అంతే.

ఇప్పుడు మూడు లైన్లు, మూడు బ్రేకర్లు. మెట్లకు రెండు పక్కలా స్తంభాలు, ఆ రెండింటికీ వేరువేరు లైన్లు. వెలుతురు అడ్డంగా పడితే మెట్టు అంచు గీత గీసినట్టు కనబడుతుంది. జాయింట్లు నడుమెత్తు గుంజలకు వేలాడాలి. ముందురోజు మెట్లను బ్లీచింగ్ చల్లి గీకించాలి, కడిగిస్తే సరిపోదు.

చూశారా, పెద్దమ్మ మాట దగ్గర మొదలుపెట్టి లైట్ల మీద పడ్డాను. తప్పించుకోవడమే ఇది.

పది తర్వాత మెట్ల మీద కూర్చొని చూస్తే అసలు సంగతి అర్థమైంది. జవాను నా మాట విని గుంజలేదు, చోటు లేక గుంజాడు. పూలు చెరువులోకి పోకుండా, మనుషులు లోతుకు పోకుండా మేం అడ్డం కట్టే తాడు నిరుడు నీటి అంచుకు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. నిరుడు చెరువు నిండి అలుగు పారింది. ఈసారి నీళ్లు ఐదు మెట్లు కిందికి ఉన్నాయి. మెట్టు అడుగు వెడల్పు. గుంజలు పాతవే, తాడు పాత చోటే. అంటే మిగిలింది ఏడు అడుగులు. పెద్ద బతుకమ్మలు అడుగున రెండు మూడు అడుగులు ఉంటాయి. ఎదురుగాలికి అన్నీ మెట్ల వైపే వచ్చి ఆగాయి. గంటలో నిండిపోయింది. వెనుక వరుసవాళ్లు దిగాలంటే ముందువాటిని వాళ్ల కళ్ల ముందే లాగక తప్పలేదు.

తాడు ముందుకు జరపడమూ తేలిక కాదు. చివరి మెట్టు దాటితే బురదే, గుంజ నిలవదు. ఖాళీ డ్రమ్ములకు కట్టి తేలించి, అడుగుకు ఇసుక బస్తాలు వేలాడదీయాలి. అలా చేస్తే జనం ఇళ్లకు పోయేదాకా బతుకమ్మలు నీళ్లలోనే ఉండొచ్చు, తెల్లవారుజామున తాడు ఒక పక్కకు లాగితే మూలకు చేరతాయి. కొండి అవసరమే తక్కువ. ఇదంతా అమావాస్య నాడు, ఎంగిలిపూలకు వచ్చినప్పుడే కనబడాల్సింది. తొమ్మిది రోజులు అదే కట్ట మీద తిరిగాను. నీళ్ల వైపు చూడలేదు, స్టేజీ ఎటు పెట్టాలన్న గొడవలో పడ్డాను.

అయినా థర్మకోల్ మాట మీద మాత్రం నేను తగ్గను.

పొద్దున ఆరింటికి ట్రాక్టర్ వస్తుంది. పూలు ఎత్తకముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని రమ్మన్నాను. నీళ్లు ఎన్నో మెట్టు దగ్గర ఉన్నాయో పక్క గోడ మీద రంగుతో గీత గీయించాలి. పెద్దమ్మది ఏ గల్లీయో అడగనేలేదు.