ఫిలాసఫీ ఆప్షనల్: కాలం, స్వీయ చైతన్యం నేను ఎలా చదివాను

సివిల్స్ ఫైనల్ లిస్టు వచ్చినప్పటి నుంచి ఫోన్ ఆగడం లేదు. చాలామంది అడిగేది ఒకటే, "అన్నా, ఫినామినాలజీ ఎలా చదివావు?" అని. ప్రిలిమ్స్, జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే గురించి ఇప్పటికే బోలెడంత రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అనుభవం మనకు ఎలా అందుతుందో పరిశీలించే ఈ ఒక్క టాపిక్ మీద మాత్రం తనివితీరా రాయాలని ఉంది.

సిలబస్‌లో ఫినామినాలజీకి ఆద్యుడైన జర్మన్ తత్వవేత్త హుస్సర్ల్ కింద మెథడ్ (పద్ధతి), ఎసెన్సెస్ (సారాలు), సైకాలజిజం (తర్కాన్ని మనస్తత్వశాస్త్రానికి కుదించే వాదం) మాత్రమే ఉంటాయని మీకు తెలుసు. కాలం ప్రస్తావన ఆయన శిష్యుడు హైడెగ్గర్ దగ్గర టెంపొరాలిటీ (కాలికత) పేరుతో వస్తుంది. అందుకే హుస్సర్ల్ కాల విశ్లేషణను నోట్సుల్లో వదిలేస్తారు. క్రితంసారి నన్ను ఇంటర్వ్యూ దాకా రానివ్వనిది ఆప్షనల్‌గా (నేను ఎంచుకున్న సబ్జెక్ట్) తీసుకున్న ఫిలాసఫీ మార్కులే. నాకు దొరికిన నోట్సులో "భూత, వర్తమాన, భవిష్యత్తులు విడివిడి ముక్కలు కావు" అని ఒక వాక్యం ఉంది. ఎందుకు కావో ఎక్కడా లేదు. ఆ "ఎందుకు" లేకుండా ఇరవై మార్కుల జవాబు నిలబడదు.

ఆ కారణం నాకు తెలిసింది సికింద్రాబాద్ స్టేషన్‌లో. ఊరికి వెళ్దామని బెంచీ మీద కూర్చున్నా. మైకులో "దయచేసి వినండి, విజయవాడ మీదుగా విశాఖపట్నం వెళ్ళు..." అని మొదలైంది. మన భాషలో క్రియ చివర్లో కదా వచ్చేది! బయలుదేరుటకు సిద్ధంగా ఉందో, ఆలస్యంగా నడుస్తోందో ఆఖరి మాట దాకా తెలీదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా సంచులు పట్టుకుని సగం లేచి ఆగారు. "విజయవాడ" అన్న శబ్దం ఎప్పుడో ఆగిపోయింది. అయినా అది పోలేదు, జరిగిపోయినదిగానే ఇంకా పట్టులో ఉంది. రాబోయే క్రియ కోసం చెవి ముందే సాగి ఉంది. గడిచినదాన్ని ఇలా పట్టి ఉంచడాన్ని హుస్సర్ల్ రిటెన్షన్ అన్నాడు, రాబోయేదాని వైపు ఇలా సాగడాన్ని ప్రొటెన్షన్ అన్నాడు. ఆ రెండింటి మధ్య ప్రైమల్ ఇంప్రెషన్ (ఈ క్షణాన వినబడుతున్నది తాకడం) విడిగా దొరికే వస్తువు కాదు, కేవలం ఒక అంచు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోండి. రిటెన్షన్ అంటే జ్ఞాపకం చేసుకోవడం కాదు. రాత్రి ఇంటికెళ్ళాక ఆ అనౌన్స్‌మెంట్ తలచుకుంటే అది జ్ఞాపకం. వింటున్నప్పుడే పట్టులో ఉన్నది వినడంలో భాగం. పాట వింటున్నప్పుడు గడిచిన స్వరాన్ని ఊహాశక్తి అందిస్తుందన్న తన గురువు బ్రెంటానోతో హుస్సర్ల్ విభేదించింది ఇక్కడే. కాలం మీద హుస్సర్ల్ 1905లో ఇచ్చిన ఉపన్యాసాలను ఆయన సహాయకురాలు ఈడిత్ స్టైన్ సిద్ధం చేస్తే, హైడెగ్గర్ సంపాదకుడిగా 1928లో అచ్చయ్యాయి. హైడెగ్గర్ సొంత గ్రంథం 'బీయింగ్ అండ్ టైమ్' అంతకు ముందు ఏడాదే వచ్చింది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే, హైడెగ్గర్ భవిష్యత్తుకు అంత ప్రాధాన్యం ఎందుకిచ్చాడో, ఎక్కడ గురువు దారి విడిచాడో స్పష్టంగా కనబడుతుంది.

నన్ను నిజంగా కదిలించింది దీని తర్వాతి మెట్టు. చైతన్యం గడిచిన శబ్దాన్ని పట్టి ఉంచేటప్పుడు, ఆ శబ్దాన్ని విన్న తన గత దశను కూడా పట్టి ఉంచుతుంది. అంటే ప్రవాహం తనకు తానే తెలుస్తూ ఉంటుంది. దాన్ని చూడటానికి ఇంకో చైతన్యం అక్కర్లేదు. కావాలంటే దానికి మరొకటి, దానికి ఇంకొకటి కావాల్సివచ్చి, వరుసకు అంతే లేని అనవస్థా దోషం వస్తుంది. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ ప్రీ-రిఫ్లెక్టివ్ కోగిటోకి (దృష్టి పెట్టకముందే తన గురించి తనకుండే ఎరుక) ఇచ్చిన సిగరెట్లు లెక్కపెట్టే ఉదాహరణ కూడా ఈ కోవలోదే. ఏం చేస్తున్నావని అడిగితే వెంటనే "లెక్కపెడుతున్నా" అంటాం, అప్పటిదాకా మనమీద మనం దృష్టి పెట్టకపోయినా.

ఇదే వాదన మన బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి దగ్గరా ఉంది. నిన్న చూసిన నీలం గుర్తొస్తే నీలంతోపాటు దాన్ని చూశానన్నదీ గుర్తొస్తుంది. అనుభవించనిది గుర్తురాదు కాబట్టి ఆ చూడటం అప్పుడే తనకు తెలిసి ఉండాలి. అదే స్వసంవేదన. ఆంధ్రదేశంలోని వేంగి దగ్గరి కొండ మీద ఆయన హేతువిద్యా (తర్కశాస్త్ర) గ్రంథం రాశాడని చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ చెప్పాడు. ఇంత దగ్గరివాడిని మనం పరాయివాడిలా చదవడం నాకు బాధగా ఉంటుంది. న్యాయ దర్శనంవాళ్ళైన నైయాయికుల అనువ్యవసాయం (ఒక జ్ఞానాన్ని తర్వాతి జ్ఞానం తెలుసుకోవడం), కుమారిల భట్టు అనుయాయులైన భాట్టుల జ్ఞాతత (వస్తువు తెలియబడటాన్ని బట్టి జ్ఞానాన్ని ఊహించడం) దీనికి ఎదురు పక్షాలు. సెల్ఫ్ (నేను అనేది) గురించి హ్యూమ్, కాలం గురించి కాంట్ చెప్పినవి కూడా ఈ చర్చలోకే వచ్చి చేరతాయి. ప్రతిదీ క్షణంలోనే నశిస్తుందనే బౌద్ధ క్షణికవాదంతో మాత్రం హుస్సర్ల్‌ని ఒకే గాటన కట్టకండి. ఆయనకు "ఇప్పుడు" విడి క్షణం కాదు.

హుస్సర్ల్ ఒరిజినల్ టెక్స్ట్ చదవడం టైం వేస్ట్ అని రూమ్‌లో అందరూ అన్నారు. కాదని ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నా. నేను మొత్తం చదవలేదు, స్వరం మీది సెక్షన్లే చదివా, కానీ అర్థమయ్యేదాకా వదల్లేదు. రోజూ ఒక జవాబు చేత్తో రాశాను. జ్వరం వచ్చినా రాశాను, ఇంట్లో పెళ్ళయినా రాశాను. మూడ్ వచ్చినప్పుడు చదువుతాననేవాళ్ళకి ఈ సబ్జెక్ట్ లొంగదు. క్రమశిక్షణ లేకుండా తెలివి ఒక్కటే మెయిన్స్ దాటిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పది మార్కుల ప్రశ్నకు 150 పదాలే కాబట్టి ఉదాహరణ రెండు వాక్యాలు మించనివ్వకండి. మూడో వాక్యంలో రిటెన్షన్‌కీ జ్ఞాపకానికీ తేడా రావాలి, దిఙ్నాగుడితో పోలిక చివర్లో ఒక్క లైను చాలు. ఇరవై మార్కుల దాంట్లో అయితే అనవస్థా దోషాన్ని ఒక పేరాగా పెంచి, నైయాయికుల అభ్యంతరం తప్పకుండా రాయండి.