పేడనీళ్లు గట్టు దాటకుండా: నా అనుభవం

మాది నరసరావుపేట వైపు పల్లె. సాగర్ కుడి కాలువ ఆయకట్టు, నల్లరేగడి నేల. పన్నెండు ముర్రా గేదెలున్నాయి. గొడ్ల సావిడి వెనకే అరెకరంలో సూపర్ నేపియర్ గడ్డి, దాని దిగువన వేరే రైతు మిరపచేను, ఆ కింద ఊరి మంచినీటి చెరువుకి నీళ్లు పోయే కాలువ. పొలాల వరస ఇలా ఉంటే సావిడి కడిగిన నీళ్లు చివరికి ఎటు చేరతాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆ నీళ్లను గడ్డికి పెట్టుకుందామని పైపు కోసం కందకం తవ్విస్తుంటే దిగువ చేను బాబాయ్ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "అమ్మాయ్, నీ గడ్డికి బలమే, కాదనను. మడి పొంగితే అవి దిగేది నా మిరపలోకి, అక్కణ్ణుంచి కాలవలోకి. ఆ చెరువు నీళ్లే గదా నీ పిల్లలు కూడా తాగేది?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? కందకం పని ఆపించి, ముందు నీళ్ల సంగతి తేల్చుకుందామని మా ఆయనతో చెప్పాను.

మొదట ఒక్క చుక్క పేడనీళ్లు కలపకుండా, ఉత్త బోరు నీళ్లతో గడ్డికి తడి ఇచ్చి, చివరి మడి దగ్గర కాపు కాశాం. నీళ్లు గట్టు మీద నుంచి పొర్లుతాయనుకున్నాం. గట్టు పొడిగానే ఉంది, అవతల బోదెలో (నీళ్లు పారే సన్న కాలవలో) మాత్రం నీళ్లు జారుతున్నాయి. గడ్డి పక్కకి తొలగించి చూస్తే ఎలుక బొరియ, దానికి కాస్త దూరంలో పందికొక్కు కలుగు. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది కాబట్టి నెర్రెల్లోంచి కూడా నీళ్లు కిందికి దిగిపోతున్నాయి. వీటిని అలా వదిలేసి పేడనీళ్లు పెడితే మడిలో నిలిచేది సగమే. బొరియలన్నీ తవ్వి, తడిమట్టి కూరి, కాలితో తొక్కి గట్టిచేశాం. చివరి గట్టుని మాత్రం మోకాలెత్తు లేపి, అవతలి వాలంతా పారాగడ్డి నాటాం. దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, ఎప్పుడైనా కాస్త జారినా ఆ గడ్డిలో మడ్డి ఆగుతుంది. కోసి గేదెలకి వేసుకోవచ్చు కూడా.

మా వైపు పాత పద్ధతి ఒకటుంది. మడవ నోట్లో, అంటే మడిలోకి నీళ్లు వదిలే గండి దగ్గర, పేడ కుప్ప వేసి, దాని మీదుగా నీళ్లు వదులుతారు. పేడని నీళ్లే మోసుకుపోతాయి, మనిషికి శ్రమ తక్కువ. పేడ తక్కువగా ఉన్నప్పుడు, చివర్న చూసుకునే మనిషి ఉన్నప్పుడు సరే. పన్నెండు గేదెల పేడ, అంటే రోజుకి రెండు క్వింటాళ్ల దాకా, అలా పారిస్తే మొదటి మడిలో పేడ మేట వేస్తుంది, చివరి మడికి పచ్చటి నీళ్లు చేరి బయటికి పోతాయి. గేదె మూత్రంలో ఉండే నత్రజని నీళ్లతో కరిగి పోయేదే కాబట్టి ముందు పోయేది అదే. డబ్బు పెట్టి యూరియా కొనుక్కుంటూ, సావిడిలో ఉన్న బలాన్ని కాలువకి వదలడం నాకు మనసొప్పలేదు. అదే నీళ్లు చెరువులో పడితే పేడ కుళ్లేటప్పుడు నీటిలో ప్రాణవాయువు లాగేస్తుంది, చేపలు తేలతాయి. తాగేవాళ్లకి విరేచనాలు. ఇది మాత్రం ఎంత చెప్పినా తక్కువే.

కాబట్టి మాకు మేం ఒక నియమం పెట్టుకున్నాం: పేడనీళ్లు, తడినీళ్లు ఒకే రోజు పెట్టకూడదు. మిగతా పనులన్నీ దీన్నిబట్టే నడిచాయి.

సావిడిలో ముందు నీళ్లు తగ్గించాం. ఇంతకు ముందు పొద్దున్నే పైపు పట్టి పేడతో సహా కడిగేసేవాళ్లు. ఇప్పుడు పారతో పేడ ఎత్తి దిబ్బకి చేర్చి, మిగిలింది చీపురుతో లాగాకే నీళ్లు. అలా రోజుకి ఏడు వందల లీటర్లలో తేలుతోంది. కప్పు మీద పడే వాన సంగతి లెక్క వేస్తే నాకే ఆశ్చర్యమేసింది. మా సావిడి నలభై అడుగులకి ఇరవై. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క కప్పు మీద నుంచే 3,700 లీటర్లు దిగుతాయి, అంటే ఐదు రోజుల కడుగునీళ్ల కంటే ఎక్కువ. అవి మంచినీళ్లు, పేడలో కలవనివ్వడం దేనికి? చూరుకి రేకు తొట్టి కట్టించి ఆ నీటిని వేరే దారిన బయటికి పంపాం. ఖర్చు పెట్టినవాటిలో నేను మొదట చెప్పేది ఈ తొట్టి.

కడిగిన నీళ్లు చేరడానికి కట్టించిన గుంత పదమూడు అడుగుల పొడవు, పది వెడల్పు, ఐదు లోతు. అడుగూ గోడలూ సిమెంటు, లేకపోతే ఊట బోరులోకి దిగుతుంది. పైన అడుగు ఖాళీ వదిలి ఎర్ర రంగు గీత గీశాం. గీత దాకా దాదాపు 14,700 లీటర్లు పడతాయి, మూడు వారాలకి సరిపోతాయి. మడ్ పంపుకి గడ్డి కాడలు అడ్డం పడకుండా జాలీ పెట్టాం. పేడనీళ్ల పైపుని బోరు పైపుతో ఎక్కడా కలపలేదు. కలిపితే సులువని ప్లంబరు చెప్పాడు గానీ, కరెంటు పోయిన క్షణంలో నీళ్లు వెనక్కి లాగితే పేడ బోరులోకే పోతుంది. తప్పనిసరై కలిపేవాళ్లు నాన్ రిటర్న్ వాల్వు లేకుండా కలపొద్దు.

అసలు పని కొలతలో ఉంది. ఒక సెంటు దాదాపు 40 చదరపు మీటర్లు. గడ్డిని ఐదేసి సెంట్ల పది మడులుగా గట్లు వేశాం. ఒక మడికి వెయ్యి లీటర్లు పెడితే నేల మీద ఐదు మిల్లీమీటర్ల మందం. తడిసిన బంకనేల గంటకి ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్లే పీలుస్తుంది కాబట్టి అంతకన్నా పోస్తే నిలబడుతుంది, నిలబడ్డది దారి వెతుక్కుంటుంది. పంపు ఎంత పోస్తుందో తెలుసుకోవడానికి రెండు వందల లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఫోన్లో సమయం చూశాను. నిండడానికి రెండున్నర నిమిషాలు. అంటే మడికి పన్నెండున్నర నిమిషాలు. ఫోన్లో అలారం పెట్టుకుని, మోగగానే పైపు పక్క మడిలోకి మారుస్తాం. మొదట్లో మా మామయ్య "నీళ్లు కట్టడానికి గడియారమా!" అన్నారు. ఇప్పుడు నేను పాలకేంద్రానికి వెళ్లిన పూట ఆయనే అలారం పెట్టుకుంటున్నారు.

పేడనీళ్లు పెట్టే ముందు రోజు వరసల మధ్య పారతో పైపైన మట్టి కదిపి నెర్రెలు పూడుస్తాం. గడ్డి కోసిన రెండు మూడు రోజులకి పెడితే కొత్త పిలకలు ఆ బలాన్ని బాగా తీసుకుంటాయి. నేపియర్ నలభై ఐదు రోజులకోసారి కోతకి వస్తుంది కాబట్టి మడులు వంతులవారీగా కోస్తే గుంత ఖాళీ చేసుకోవడానికి ఎప్పుడూ ఒక మడి సిద్ధంగా ఉంటుంది. పేడనీళ్లు పెట్టాక నేల పదునుకొచ్చేదాకా తడి ఇవ్వం. ఇచ్చినప్పుడు కూడా చివరి మడి మడవ మూసే ఉంటుంది. ఆ మడి మూలలో చిన్న గుంట తవ్వాం. ఎక్కువైన నీళ్లు అందులో చేరితే తోడి పై మడికే పోస్తాం.

మా ఊళ్లో జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష నేర్చుకున్న ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒక వదినని పిలిచి బోరు నీళ్లు చూపించాం. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, మాది ఆ లోపే ఉంది. క్రిములు చూసే చిన్న సీసాలో నీళ్లు పోసి పక్కన పెట్టాలి. మలం కలిసిన నీళ్లయితే అది నల్లబడుతుంది. బోరు నీళ్ల సీసా నల్లబడలేదు. కాలువ నీళ్లది నల్లబడింది. పైన ఎన్ని ఊళ్లో, ఎన్ని గొడ్లో, అందులో మా వంతు ఎంతో ఆ సీసా చెప్పదు. అందుకే మా చివరి బోదెని మేమే చూసుకుంటాం: రంగు మారిందా, నురగ ఉందా, వాసన వస్తుందా అని. బాబాయ్ కూడా తన వైపు నుంచి చూస్తాడు, ఏమన్నా కనపడితే ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్లు ఇప్పుడు తగ్గాయి.

కష్టమంతా అక్టోబరు, నవంబరు నెలల్లోనే. వాయుగుండం అన్న మాట వినపడగానే గుంతని చూస్తాం. వాన రేపనగా తొందరపడి ఖాళీ చేసేవాళ్లున్నారు, అది పేడని నేరుగా వాననీళ్లకి అప్పగించడమే. మేం సెప్టెంబరు చివర్లోనే, నేల ఆరి ఉన్నప్పుడు, గుంతని అడుగంటా తోడేస్తాం. ముసురు పట్టినన్నాళ్లు సావిడి కడగడం ఆపి, గేదెల కింద వరిగడ్డి, శనగపొట్టు పరుస్తాం. మూత్రాన్ని అది పీల్చుకుంటుంది. పాలు తీసే ముందు పొదుగులు మాత్రం కడుగుతాం. తడిసిన గడ్డి, పేడ కలిపి దిబ్బ మీద వేసి టార్పాలిన్ కప్పుతాం, దిబ్బ చుట్టూ జానెడు గట్టు ఉంటుంది. వాన వెలిసి, మడిలో అడుగేస్తే కాలు దిగబడనప్పుడే మళ్లీ మడ్ పంపు ఆన్ చేస్తాం.