సోమవారం కడుపునొప్పి

మా మూడో తరగతి పిల్లాడికి ఈరోజు కూడా ప్రార్థన కాగానే కడుపునొప్పి. సోమవారాలే ఎక్కువ వస్తుంది. పీహెచ్‌సీలో చూపించారు, ఏమీ లేదన్నారట. స్టాఫ్‌రూమ్‌లో ‘నాటకాలు’ అన్న మాట వినపడింది. నాకు కోపం వచ్చింది. భయం వేస్తే పేగుల కదలిక మారుతుంది, నొప్పి నిజంగానే పుడుతుంది. ఆదివారం వాళ్ల నాన్న ఇంట్లో ఉంటాడు, తాగుతాడు. రాత్రంతా గొడవే.

సాయంత్రం వాళ్ల నానమ్మ వచ్చింది. “పెద్దోడైతే అదే పోద్దిలే టీచరమ్మా. నేనేం పడలేదా, నేను బతకలేదా?” అంది. ఆమెకి చిన్నప్పుడే తల్లి పోయింది, మారుతల్లి చేతి దెబ్బలు తింటూ కూలికి పోయింది. ఇంకా అరవై నిండలేదు. షుగరు, బీపీ, గుమ్మం ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి. ఆ దెబ్బల వల్లే ఇదంతా అని ఒక మనిషిని చూసి తేల్చలేం. కానీ నా మనసు డునెడిన్ మీదికి పోయింది.

న్యూజిలాండ్‌లోని ఆ ఊళ్లో 1972–73లో పుట్టిన 1037 మందిని మూడేళ్ల వయసు నుంచి ఇప్పటిదాకా పరీక్షిస్తూనే ఉన్నారు. చిన్నతనంలో హింస, నిరాదరణ అనుభవించినవాళ్ల రక్తంలో, 32 ఏళ్లకి కూడా, ఒంటి లోపలి వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది. గుండెజబ్బుతో ముడిపడిన గుర్తు అది. వాళ్లందరికీ 45 ఏళ్లు వచ్చేసరికి, ఒకే ఈడువాళ్లయినా, కొందరి ఒళ్లు క్యాలెండర్ ఏడాదికి అర ఏడాది కూడా ముసలిది కాలేదు, కొందరిది రెండేళ్లు దాటింది. డిప్రెషన్, ఆందోళన లాంటి మానసిక సమస్యలు పడ్డవాళ్లలో ఈ వేగం ఎక్కువ. సిగరెట్లు, లావు, మానసిక సమస్యలకి వాడే మందుల లెక్క తీసేసినా తేడా మిగిలింది. చిన్నప్పుడు కోపాన్నీ తొందరపాటునూ అదుపులో పెట్టుకోగలిగిన పిల్లలు మాత్రం నడివయసులో నెమ్మదిగా ముసలివాళ్లవుతున్నారు. నాకు ఆశ కలిగించేది ఇదే. ఆ అదుపు నేర్పగలిగేది.

మన దగ్గర పిల్లలకి నులిపురుగుల మాత్ర వేస్తాం, కళ్లు చూస్తాం, బరువు తూస్తాం. రాత్రి నిద్రపోయావా, ఇంట్లో ఎవరంటే భయం అని అడగం. అడగాలి. నమ్మకంగా దగ్గరికి తీసుకునే పెద్దమనిషి ఒక్కరున్నా పిల్లల ఒంట్లో ఆ ఒత్తిడి కొంత దిగుతుంది. ఈ పిల్లాడికి ఆ మనిషి నానమ్మే.

ఆ నానమ్మకి డునెడిన్ గురించి చెప్పలేదు. “వాడి నొప్పి అబద్ధం కాదు పెద్దమ్మా, రాత్రిళ్లు నీ పక్కన పడుకోబెట్టుకో” అన్నాను. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ సాయం టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు అని చెప్పాను. చీటీ కొంగున ముడేసుకుంది. “ముందు మా వాడితో నువ్వొకసారి మాట్లాడమ్మా, నా మాట వినడు” అంది. తాగని వేళ చూసి, శనివారం పొద్దున్నే వస్తానన్నాను.